మన సీమ సరస్సులు

ఇంగ్లీషు వాచకములలో సరస్సుల వర్ణనలు చదివిన విద్యార్థులు, "అట్టి సరస్సులు మన ప్రాంతమున లేవా?" యని మమ్ము తఱచుగ నడుగుచుందురు. చుట్టును కొండలు, వాని నడుమ నీలముగ నిలిచిన నీరు, ఒడ్డున పచ్చిక, నీటిలో కొండల నీడలు - ఇవి చదువునపుడు ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల బాలురకు తమ యెఱ్ఱనేలలును, ముండ్లపొదలును, వేసవిలో నిసుక మాత్రమే మిగులు వాగులును జ్ఞప్తికి వచ్చి, ప్రకృతి తమకు లోటు చేసినదని తోచుట సహజమే. ఈ ప్రశ్నకు సమాధానముగ నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన సీమయందును సరస్సులు కలవు. కాని వానిని మనము సరస్సులనక చెఱువులందుము. ఆంగ్లదేశపు సరస్సు ప్రకృతి యిచ్చినది. మన చెఱువు మనుష్యులు చేసికొన్నది. ఈ యొక్క భేదమును జక్కగ గ్రహించిన విద్యార్థి చెఱువుకట్టపై నిలిచినపుడు ఇంతకు పూర్వము చూడని సంగతులు పెక్కు చూడగలడు.

ముందుగ ఆ దేశపు సరస్సుల సంగతి కొంత చెప్పుదుము. ఇంగ్లాండునకు వాయవ్యమున కంబ్రియా యను మండలమున సరోవర సీమ యని పేరుగాంచిన కొండనాడు కలదు. అందలి విండర్మియరు ఇంగ్లాండులోని సహజమైన సరస్సులన్నిటిలో పెద్దది. దాని పొడవు పది మైళ్ళకు పైగా నున్నది. వెడల్పు మాత్రము మిక్కిలి గలచోటను దాదాపు ఒక మైలే. లోతు 219 అడుగుల వఱకు కలదు. ఇంత సన్ననై, పొడవై, లోతైన పల్లమును ద్రవ్వినవా రెవరు? మంచు. పూర్వ మొక కాలమున నా కొండలపై దట్టముగ పేరుకొన్న మంచు నదులవలె మెల్లమెల్లగ క్రిందికి జాఱుచు, తనలో చిక్కుకొన్న రాళ్ళతో లోయల నడుగును గీకి, లోతు చేసెను. పదివేల యేండ్లకు పైగా పూర్వమే యా మంచు కరగిపోగా, ఆ పల్లములందు నీరు నిలిచి సరస్సులయ్యెను. అచటి వానకు ఋతువులేదు. ఏడాది పొడుగునను కురియుచునే యుండును. ఆ సీమలో సీత్‌వెయిట్ అను పల్లెయందు సంవత్సరమునకు 120 అంగుళములకు పైగా వర్షము పడును. ఎండ మందము. కావున నా సరస్సులు ఎవరును తాకకున్నను నిండియే యుండును.

మన సీమ స్థితి వేఱు. నెల్లూరు జిల్లాకు పడమట వెలిగొండలు గోడవలె నిలిచియున్నవి. ఉదయగిరి దుర్గమున్న కొండ మూడువేల యడుగుల యెత్తునకు మించినది. ఈ కొండల దిగువనున్న మెట్టనేల యెక్కువ భాగము రాతిమయము. మనకు ముఖ్యమైన వాన ఈశాన్య ఋతుపవనములది. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు బంగాళాఖాతమున లేచు వాయుగుండములు తెచ్చు వానయే మనకు దిక్కు. ఆ వానయు నెలల తరబడి సన్నగ పడునది కాదు. కొద్దిదినములలో కుండపోతగ కురిసి నిలిచిపోవును. కొండవాగులు ఒక్క రాత్రిలో పొంగును. రెండు దినములకు నడుము లోతైన వాగు మోకాలి లోతగును. వారమునకు ఇసుక తేలును. బొగ్గేఱు, బీరాపేఱు వంటి యేఱులు ఆ నీటిని పెన్నకు చేర్చును; పెన్న సముద్రమునకు చేర్చును. ఏడాదికి కావలసిన నీరంతయు కొన్ని దినములలో మన కన్నులయెదుటనే దాటిపోవునన్నమాట. దానికడ్డము కట్టి నిలుపుకొన్నవాడు బ్రతికెను, నిలుపుకొననివాడు వలసపోయెను. చెఱువు పుట్టుటకు కారణమిదియే.

మన పెద్దలకు చెఱువుపై నెంత గౌరవము గలదో యూళ్ళ పేళ్ళే చెప్పుచున్నవి. అనంతసాగరము, అనుమసముద్రముపేట - ఈ యూళ్ళకు సముద్రము దూరము. అయినను నీటిని నిలుపుకొన్న చోటికి సాగరమనియు, సముద్రమనియు పేళ్ళు పెట్టుకొనిరి. వరికుంటపాడను పేరులోనే కుంటయు, దానిక్రింద పండు వరియు నున్నవి. భూపటమును ముందుంచుకొని యిట్టి పేళ్ళను వెదకిన విద్యార్థికి, మన తాలూకాల చరిత్ర రాజుల పేళ్ళకంటె నీటి పేళ్ళలో నెక్కువగ కనబడును.

చెఱువు కట్టుట యనగా మట్టి గుట్టగ పోయుట మాత్రమే యని కొందఱు తలంతురు. అది గొప్ప శాస్త్రమని తెలుపు శిలాశాసన మొకటి మనకు పొరుగుననే, వెలిగొండలకు పడమట, కడప జిల్లా పోరుమామిళ్ళలో కలదు. విజయనగర రాజగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, బవదూరుడను మాఱుపేరు గలవాడు, ఉదయగిరి రాజ్యమును పాలించుచు నచట నొక పెద్ద చెఱువును గట్టించెను. దాని పేరు అనంతరాజసాగరము. (ఇది మన అనంతసాగరము కాదు, పేళ్ళపోలికచే రెంటిని ఒకటిగ తలంపరాదు.) శాసనకాలము శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369. సంస్కృత శ్లోకములలోనున్న యీ శాసనము రాజును పొగడి యూరకుండక, మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెఱువునకు తగులు ఆఱు దోషములను వరుసగ చెప్పుచున్నది. మన ఉదయగిరినుండి పాలించిన రాజపుత్రుడు మనకు విడిచిన పాఠమిది గనుక దానిని కొంత విపులముగ తెలిసికొందము.

పండ్రెండింటిలో మొదటిది ధర్మమును, ధనమును, కీర్తికాంక్షయు గల రాజు. రెండవది జలశాస్త్ర మెఱిగిన పండితుడు. మూడవది గట్టి బంకమన్ను గల నేల. నాలుగవది మూడు యోజనముల దూరమునుండి తీయని నీరు తెచ్చు నది. ఐదవది చెఱువు నంటియున్న కొండలు. ఆఱవది ఆ కొండల నడుమ మిక్కిలి పొడవుగాక దిట్టముగ రాతితో కట్టిన కట్ట. ఏడవది కట్ట కిరుప్రక్కల కొమ్ములు పంటనేలకు పెడగ తిరిగియుండుట. ఎనిమిదవది విశాలమై, లోతైన గర్భము. తొమ్మిదవది తిన్నని, నిడుపైన రాళ్ళు దొరకు గని. పదియవది చేరువనే చదునై సారవంతమైన పొలములు. పదునొకండవది కొండల నిలుకడవలన సుడులు తిరుగుచు వడిగ సాగు నీటిదారి. పండ్రెండవది నేర్పరులైన పనివారు.

ఇక దోషములారు. కట్టనుండి నీరు ఊఱుట, చవిటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెఱువు నడుమ తాబేటివీపువలె మిట్ట లేచియుండుట, నీరు కొంచెమై పాఱవలసిన నేల విస్తారముగ నుండుట, నీరు మిక్కుటమై నేల కొంచెముగ నుండుట.

ఈ జాబితాలో ప్రతి మాటకును కారణము కలదు. గర్భము లోతుగ నుండవలెనని యేల చెప్పిరి? మన యెండలకు నిలిచిననీరు ఏడాదిలో ఐదాఱడుగుల వఱకు ఆవిరియై పోవును. పదునైదడుగుల లోతుగల చెఱువున కది నష్టము మాత్రమే. ఐదడుగుల లోతుగల చెఱువునకు మరణమే. కొండల నడుమ కట్ట పొట్టిగ నుండవలెనని యేల? ప్రకృతి రెండుమూడు వైపుల గోడ కట్టి యిచ్చినపుడు మనుష్యుడు మిగిలిన సందును మాత్రము మూసికొన్న చాలును. కూలియు తగ్గును, కాచుకొనవలసిన కట్టయు తగ్గును. మూడవ దోషము మిక్కిలి ఆలోచింపదగినది. సరిహద్దున నున్న చెఱువునకు మట్టిలో లోపము లేదు, రాతిలో లోపము లేదు. మనుష్యుల మనస్సులలోనే లోపము. నీటిని పంచుకొనలేనివారి నడుమ చెఱువు నిలువదని ఆఱువందల యేండ్లకు పూర్వమే కనిపెట్టిరి.

ఆ చెఱువుపని రెండేండ్లు సాగెననియు, దినమునకు వేయిమంది కూలివారు పనిచేసిరనియు, రాళ్ళు చేరవేయుటకు నూఱు బండ్లు తిరిగెననియు శాసనమే చెప్పుచున్నది. ఆ కట్ట పైన 12 అడుగుల వెడల్పు, అడుగున 150 అడుగుల వెడల్పు గలది. నీటి యొత్తిడి లోతుతోపాటు పెరుగును గనుక అడుగు వెడల్పు చేసిరి. ఆఱున్నఱ శతాబ్దములు గడచినను ఆ చెఱువు నేటికిని నిలిచియున్నది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘము వారు 2020లో దీనిని, ప్రాచీనమైన కంభము చెఱువును ప్రపంచ వారసత్వపు సాగునీటి కట్టడముల జాబితాలో చేర్చిరి.

ఇప్పుడు మన యనంతసాగరమునకు వత్తము. ఇది జిల్లాలోని పెద్ద చెఱువులలో నొకటి. శ్రీకృష్ణదేవరాయలనాటిదని ప్రజలు చెప్పుకొందురు. రాయలు 1514లో ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గెలిచిన సంగతి చరిత్రలో చదివియున్నారు. కార్తికమాసమున మంచివాన కురిసిన పిదప ఇట్టి చెఱువుకట్టపై నిలిచి పడమటికి చూచినచో నీటి కావల వెలిగొండల వరుసయు, నీటిలో వాని నీడయు, కొంగల బారులును, బుడుబుంగల మునుకలును కనబడును. ఏ సరోవర సీమకును తీసిపోని దృశ్యమది. అయితే అచట కన్నులు నీటిపై మాత్రమే నిలుపక, మూడు వస్తువులను పరికింపవలెను.

ఒకటి కట్ట. దాని నీటివైపున రాతికట్టు ఉండును. అది యందమునకు కాదు. గాలికి లేచు అలలు మట్టిని కోయకుండుటకు. కట్టపై పెద్దచెట్లు పెరుగనీయరాదు. చెట్టు చచ్చిన పిదప దాని వేళ్ళు కుళ్ళి, ఆ దారినే నీరు ఊఱును. ఎండ్రకాయల బొఱియలును అట్టివే. శాసనమున చెప్పిన మొదటి దోషమిదియే.

రెండవది తూము. పాతతూములలో రెండు రాతికంబములును, వానిపై నడ్డరాళ్ళును నీటిలో నిలిచియుండును. అడుగున నొక రాతిపలకకు రంధ్రముండును. ఆ రంధ్రమునకు కొయ్యబిరడాయు, బిరడాకు పొడవైన కాడయు నుండును. కాడ నెత్తిన కొలది నీరు కట్టక్రిందుగ కాలువలోనికి పోవును. ఎవరి పొలమున కెంత విడువవలెనో తెలిసిన నీరుగంటి యా యూరికి గొప్ప ఉద్యోగి.

మూడవది కలుజు. ఇతర ప్రాంతములవారు దీనిని అలుగందురు. చెఱువు నిండిన పిదప మిగిలిన నీరు పొర్లిపోవుటకు కట్టకంటె తక్కువ యెత్తున రాతితో కట్టిన దారి యిది. కలుజు మూసికొనిపోయినను, వరదకు చాలకపోయినను నీరు మట్టికట్టమీదుగ పొర్లును. పొర్లిన గడియలోనే కోత మొదలై కట్ట తెగును. దీని కుదాహరణము దూరమున వెదకనక్కఱలేదు. 2021 నవంబరు 19వ తేదిని, పెన్నకు ఉపనదియగు చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టుకడ, వచ్చిన వరద తలుపులగుండ పోగలదానికంటె మిక్కుటమగుటచే మట్టికట్ట తెగి, దిగువ గ్రామములు కొట్టుకొనిపోయెను. పెక్కుమంది ప్రాణములు కోలుపోయిరి. నిలిపిన నీటికి దారి విడుచుటయు నీటిని నిలుపుటతో సమానమైన విద్య యని దీనివలన తెలియవలెను.

చెఱువులతోపాటు మన ప్రాంతమున నవీనమైన మహాసరస్సు కూడ నొకటి పుట్టినది. పెన్నానది వెలిగొండలను చీల్చుకొని వచ్చు సోమశిలకడ 1975లో పని మొదలై, 1989లో ముగిసిన ఆనకట్ట వెనుక 78 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలుచును. కొండల నడుమ కనుచూపుమేర నీరే. ఇంగ్లాండులోను ఇట్టివి కలవు. అచటి థర్ల్‌మియరు సరస్సునకు మాంచెస్టరు పురపాలకులు కట్ట కట్టి నీటిమట్టము పెంచి, 1894లో 96 మైళ్ళ దూరముననున్న తమ పట్టణమునకు నీరు కొనిపోయిరి. సోమశిల నీరును అట్లే కండలేటికిని, అచటినుండి చెన్నపట్టణపు దాహము తీర్చుటకు పూండి జలాశయమునకును పోవుచున్నది. కృష్ణానదీజలములలో తమ తమ పాలునుండి ఐదేసి శతకోటి ఘనపుటడుగులను మద్రాసునకు విడుచుటకు మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ ప్రభుత్వములు 1976లో ఒప్పుకొనెను. 1983లో ఆంధ్రప్రదేశమునకు, తమిళనాటికి ఒడంబడిక జరిగెను. 1996లో నీరు పూండి చేరెను. సరిహద్దు దోషమునకు ఒడంబడికయే మందని యిది చూపుచున్నది.

కాని యిట్టి సరస్సు ఊరక రాదు. ఇంగ్లాండులో హాస్‌వాటరు జలాశయము క్రింద మార్డేలు గ్రామము మునిగినది. గొప్ప వఱపు వచ్చినపుడు నేటికిని ఆ యూరి గోడలు, వంతెన బయటపడును. సోమశిల జలాశయము క్రిందను కడప జిల్లా గ్రామము లెన్నో మునిగినవి. ఇండ్లు, పొలములు, పెద్దల సమాధులు విడిచి లేచిపోయిన కుటుంబములున్నవి. ఆ నీటి యందమును మెచ్చుకొనునపుడు వారిని మఱవరాదు.

సోమశిల యుండగా ఇక పాతచెఱువు లేల యని కొందఱనుట కలదు. కాలువనీరు తనకంటె మిట్టయైన నేలకు తానై యెక్కదు. మెట్టయూళ్ళలో పెక్కింటికి తమ చెఱువులును, చెఱువుల ఊటవలన నిండు బావులును మాత్రమే యాధారము. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతములలో లోతైన బావుల నీటియందు ఫ్లోరైడను పదార్థ మెక్కువై, పండ్లకు, ఎముకలకు కీడుచేయుచున్నది. చెఱువున నిలిచిన వాననీరు భూమిలోనికి ఇంకినకొలది బావుల మట్టము పెరుగును. మఱింత లోతునకు త్రవ్వవలసిన యవసరము తగ్గును. కాబట్టి చెఱువు సేద్యమునకే కాక త్రాగునీటికిని కాపు.

పూర్వము చెఱువును కాపాడుట కేర్పాటులుండెడివి. చెఱువును గట్టినవారికి, బాగుచేయువారికి దశబంధమను మాన్యము లిచ్చెడివారు. ఏటేట వేసవిలో రైతులు తమ చేతులతో కాలువల పూడిక తీయుటను కుడిమరామతు అనిరి. ఈ వాడుక తఱిగిపోవుచుండగా 1858లో మద్రాసు ప్రభుత్వము దానికై చట్టమే చేసెను. 1997లో ఆంధ్రప్రదేశమున వచ్చిన చట్టము ప్రకారము రైతుల నీటిసంఘము లేర్పడెను. చట్టము మార్గము చూపును. పార పట్టవలసినవాడు మనుష్యుడే. నేడు పెక్కు చెఱువుల గర్భమున ఒండ్రు నిండి లోతు తగ్గినది. అమెరికా ఖండమునుండి వచ్చిన సర్కారుతుమ్మ చెఱువు నడుమ అడవియై పెరిగినది. కొండనుండి నీరు తెచ్చు వంకలు దున్నబడి పొలములలో కలిసిపోయినవి. వంక మూసినచో చెఱువు ఎంత పెద్దదైనను వట్టి మైదానమే.

ఇంగ్లాండువారు తమ సరస్సులను ప్రకృతి యిచ్చినదని యూరక విడువలేదు. వర్డ్‌స్వర్తు కవి తన సరోవర సీమా మార్గదర్శినిలో నా సీమ జాతి యావత్తునకు సొత్తువంటిదని వ్రాసెను. కెసిక్కు సమీపమున గురువుగ నుండిన రాన్స్‌లీ మఱి యిద్దఱతో కూడి 1895లో నేషనల్ ట్రస్టను సంస్థను స్థాపించెను. 1902లో ప్రజలు చందాలు వేసికొని డర్వెంటువాటరు తీరమున బ్రాండెల్‌హౌ అను వనమును అందఱి కొఱకు కొనిరి. ప్రకృతి యిచ్చిన సరస్సునకే యింత కాపు కావలసివచ్చినపుడు, మనుష్యుడు చేసిన సరస్సునకు మఱెంత కావలెను! వారి సరస్సు ఎవరును చెఱుపకున్న చాలును, నిలుచును. మన చెఱువు ఏటేట ఎవరైన పనిచేసిననే నిలుచును.

కావున విద్యార్థులు సెలవులలో తమ తమ యూరి చెఱువుకడకు పోయి, పోరుమామిళ్ళ శాసనమునే ప్రశ్నపత్రముగ చేసికొందురుగాక. నీరెచటినుండి వచ్చుచున్నది? ఆ వంక తెఱచియున్నదా? కట్టయం దెచటనైన తేమ కనబడుచున్నదా? కలుజు శుభ్రముగ నున్నదా? తూము బిరడా పనిచేయుచున్నదా? గర్భమున ఒండ్రు ఎంత మేరకు పేరుకొన్నది? దీనిక్రింద నెన్ని యెకరములు పండుచున్నవి, పూర్వమెన్ని పండెడివి? ఈ ప్రశ్నలకు ఉత్తరములు ఊరి ముసలివారికి తెలియును. వారున్నపుడే అడిగి వ్రాసికొనవలెను. కనుగొన్న లోపమును నీటిసంఘమువారికి తెలుపవలెను. వానలు రాకమున్నే యీ పని జరుగవలెను. కట్ట తెగిన పిదప చేయు లెక్కలవలన ప్రయోజనము లేదు.

శాసనము చెప్పిన పండ్రెండు సాధనములలో కొండలు, మన్ను, రాయి, పల్లము మనకు నేటికిని ఉన్నవి. రాజునకు బదులు ప్రభుత్వ మున్నది. జలశాస్త్ర మెఱిగినవారు, నేర్పరులైన పనివారు అను రెండును మాత్రము తరతరమునకు క్రొత్తగ తయారు కావలెను. అవి పాఠశాలలనుండియే రావలెను.